విప్పిన దారానికి కూలి ఎంత?

*గోదావరి లేసుకు గుర్తింపు వచ్చింది. అల్లి, విప్పి, మళ్లీ అల్లే గంటలు మాత్రం ఇప్పటికీ ఏ లెక్కలోకీ రావడం లేదు*

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గిన్నెలు తోమి బోర్లించారు. వసారాలో వెలుతురు బాగా పడే గుమ్మం పక్కన చాప పరిచి ఇద్దరు తోడికోడళ్లు కూర్చున్నారు. ఒళ్లో పాత చీరముక్క, దానిమీద తెల్ల దారపు ఉండ. ఎడమ చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేతి సూదితో లాగుతుంటే రేకు తర్వాత రేకు పడుతోంది. ఐదో వరసలో చిన్నావిడ చెయ్యి ఆగింది. పువ్వును అరచేతిలో పరిచి చూసింది. ఎనిమిది రేకుల్లో ఏడు సమానంగా ఉన్నాయి. ఎనిమిదోది సన్నబడి పక్కకు లాగేస్తోంది. గోటితో ఒక్కో కుట్టూ తడుముతూ వెనక్కి లెక్కపెట్టింది. రెండో వరసలో 24 ఉండాల్సినచోట 23 ఉన్నాయి. “పోనీవే, అతికించాక ఎవరికి కనబడుతుంది?” అంది పెద్దావిడ. “కనబడకపోతే ఏజెంటు ఎందుకు తిరగ్గొడతాడక్కా?” అంటూ సూది తీసేసి దారం కొస పట్టుకుని లాగింది. అరగంట పని అర నిమిషంలో ఒళ్లో దారమై పడింది.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఏ మధ్యాహ్నమైనా కనబడే దృశ్యమే ఇది. కొత్తగా జరిగిందల్లా ఆ లేసు మీదకు దేశం చూపు మళ్లడం. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు, అందరి నోటా నలుగుతున్న జీఐ ట్యాగ్, దక్కింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాలు దాని పరిధి. మరోపక్క, కరోనా రోజుల్లో యూట్యూబ్ చూసి సూది పట్టిన కుర్రకారు ఇప్పుడు క్రోషే టాపులు, సంచులు అల్లుకుంటూ, ఎన్నిసార్లు విప్పాల్సి వచ్చిందో వీడియోల్లో నవ్వుతూ చెప్పుకుంటున్నారు. ఈ రెండు ముచ్చట్లలోనూ తప్పకుండా వినబడే మాట ఓపిక. గోదావరి ఆడవాళ్ల ఓపికంటారు, క్రోషే నేర్పే ఓపికంటారు. పేచీ అక్కడే ఉంది. తప్పు దొర్లితే విప్పి మళ్లీ అల్లడాన్ని సుగుణంగా పొగుడుతున్నంతకాలం దాన్ని పనిగా లెక్కగట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. లేసులో విప్పడం కూడా పనితనమే. దానికీ గంటలు పడతాయి. ఆ గంటల ఖర్చంతా ఇవాళ అల్లే మనిషి నెత్తినే పడుతోంది.

ఒక్క ఉచ్చు మీద నిలిచే పని

క్రోషేకు సూది ఒకటే, దారం ఒకటే. కొస వంపు తిరిగిన సన్నటి ఉక్కు సూదితో దారాన్ని ఒక ఉచ్చులోంచి లాగితే ఇంకో ఉచ్చు, దాంట్లోంచి లాగితే మరొకటి. గొలుసు అలా మొదలవుతుంది. స్వెట్టరు అల్లేటప్పుడు వరసలోని కుట్లన్నీ సూది మీద తెరుచుకునే ఉంటాయి. క్రోషేలో కుట్టు పూర్తయ్యాక తెరిచి ఉండే ఉచ్చు ఒక్కటే. అందుకే సూది తీసి దారం లాగితే అల్లిక వచ్చినదారినే వెనక్కి పోతుంది. బాబిన్ లేసులో ఈ వెసులుబాటు లేదు. దిండు మీద పదుల జతల బాబిన్లు వేలాడుతుంటాయి. తప్పు దిద్దాలంటే వేసిన ప్రతి మెలికనూ ఎదురుదిశలో తిప్పుకుంటూ రావాలి. మామూలు సూదిదారంతో కట్టే లేసుల్లోనైతే చాలాసార్లు కత్తెరే గతి. ఆ లెక్కన క్రోషే నేర్చుకునేవాళ్లను కరుణించే విద్యే. చిక్కల్లా ఏమిటంటే, మొదటినుంచి చివరిదాకా ఒకటే దారం కాబట్టి మధ్యలోని తప్పును మాత్రమే విప్పడం కుదరదు. రెండో వరసలోని పొరపాటు ఐదో వరసలో బయటపడితే నిక్షేపంగా ఉన్న మూడు, నాలుగు, ఐదు వరసలూ పోవాల్సిందే.

పొరపాటు చేసినచోటే కనబడదు కూడా. గుండ్రటి ముక్క అల్లేటప్పుడు వరస వరసకూ కొన్ని కుట్లు పెంచుకుంటూ పోవాలి. చుట్టుకొలత పెరుగుతుంది కదా. పెంచాల్సినన్ని పెంచకపోతే ముక్క గిన్నెలా లోతు పడుతుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు తిరుగుతుంది. ఒక వరసలో రెండు కుట్లు తక్కువైతే కంటికి ఆనదు. రెండు మూడు వరసలు గడిచాక ముక్క మెల్లగా ముడుచుకోవడం మొదలవుతుంది. పోనీ ఎన్నిసార్లయినా విప్పుకోవచ్చా అంటే దారానికీ ఒక హద్దుంది. మెర్సరైజ్ చేసిన నూలుదారం మెరుపే ఈ లేసుకు అందం. రెండుమూడుసార్లు విప్పి అల్లితే దారం నూగు లేస్తుంది, మెరుపు పోతుంది. వేళ్ల చెమటకు తెలుపు మాసిపోతుంది. విప్పాలా, విప్పకుండా సరిపెట్టాలా అన్న నిర్ణయం అందుకే పెద్దది.

ఆ నిర్ణయమే అసలు పనితనం. చెయ్యి తిరిగిన మనిషి ప్రతి తప్పునూ విప్పదు. జాలీ భాగంలో ఒక కుట్టు తగ్గితే తర్వాతి వరసలో ఒకేచోట రెండు వేసి లెక్క సరిచేస్తుంది. గొలుసు కాస్త బిగుసుకుంటే పక్క గొలుసును ఒక ఉచ్చు వదులుగా వేస్తుంది. రేకులో తప్పు వస్తే మాత్రం క్షమించదు. రేకు సన్నబడితే పువ్వు వంకర పోతుంది, ఆ పువ్వు పక్కనున్న నాలుగు పువ్వులనూ లాగుతుంది. ఎక్కడ సర్దాలో, ఎక్కడ లాగిపారేయాలో ఏ నమూనా పుస్తకమూ చెప్పదు. వేల పువ్వులు అల్లిన వేళ్లకే ఆ తీర్పు తెలుస్తుంది. దీన్ని ఓపిక అనే ఒక్క మాట కింద జమకట్టడం, డాక్టరు రోగనిర్ధారణను మంచితనం అన్నట్టు ఉంటుంది.

[బాక్సు] తప్పు ఎక్కడ పుడుతుంది?
వరస తిరిగేచోట వేసే గొలుసును కుట్టుగా లెక్కపెట్టడం మరిచిపోవడం కొత్తవాళ్లలో తరచూ కనబడే పొరపాటు. అంచు మెట్లు మెట్లుగా సన్నబడుతోందంటే కారణం చాలావరకు అదే. రెండోది దారం బిగువు. పొద్దున తీరిగ్గా అల్లిన ముక్కకూ సాయంత్రం విసుగులో అల్లిన ముక్కకూ కొలత మారిపోతుంది. మూడోది దారం ఉండ మారడం. ఒకే తెలుపు అనుకున్న రెండు ఉండలు ఉతికి గంజి పెట్టాక వేర్వేరు ఛాయల్లో తేలుతాయి. దీనికి విప్పడం కూడా మందు కాదు. నేర్చుకునేవాళ్లకు ఒక చిట్కా: ప్రతి వరస మొదటి కుట్టులో రంగుదారం ముక్క దూర్చి పెట్టుకుంటే, తప్పు దొరికినప్పుడు మొదటిదాకా వెతుక్కోనక్కర్లేదు.

తప్పును మింగే నమూనా, మింగని నమూనా

ఒకే పొరపాటు ఒకచోట తప్పు, ఇంకోచోట కాదు. ఐర్లండ్ చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది. 1840ల చివర బంగాళాదుంప పంట తెగులుకు పోయి ఆ దేశం కరవులో మలమలా మాడినప్పుడు, చర్చి కుటుంబాలూ కాన్వెంట్లూ ఆడవాళ్లకు క్రోషే నేర్పించాయి. మొనాహన్ కౌంటీలోని క్లోన్స్ ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే పాదిరీ భార్య 1847లో మొదలుపెట్టించిన పని ఇవాళ్టికీ క్లోన్స్ లేసు పేరుతోనే చలామణి అవుతోంది. ఆ పద్ధతిలో గులాబీలు, ఆకులు, ద్రాక్షగుత్తులు విడివిడిగా అల్లుతారు. వాటిని గుడ్డ మీద నచ్చినట్టు పేర్చి తాత్కాలికంగా కుట్టేసి, మధ్య ఖాళీలను చేతికొద్దీ జాలీ అల్లి నింపుతారు. చివర్లో గుడ్డ ఊడదీస్తారు. జాలీకి కచ్చితమైన లెక్క లేదు. ఒక గులాబీ గోరంత పెద్దదైతే పక్కన జాలీ గోరంత తగ్గుతుంది. ఆ నమూనా తప్పును మింగేస్తుంది. ఒక ఇంట్లో గులాబీలు, ఇంకో ఇంట్లో ఆకులు తయారైనా చివరికి ఒక గౌనులో ఒదిగిపోయింది అందుకే.

గోదావరి లేసులోనూ పని ముక్కలుగానే విడిపోయింది. విడివిడి పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. తేడా నమూనాలో ఉంది. ఇక్కడ ఆర్డరు సాధారణంగా బల్లగుడ్డలకో, దిండు గలీబులకో, మంచం దుప్పట్లకో ఉంటుంది. ఒకే పువ్వు, ఒకే కొలత, బారులు తీరి ఉండాలి. 20 వరసలు, వరసకు 20 పువ్వుల బల్లగుడ్డ తీసుకోండి. పువ్వులు 400. పువ్వుకూ పువ్వుకూ మధ్య అతుకులు 760. వంకర పువ్వు ఒక్కటి పడితే నాలుగు పక్కలా అతుకులు బిగుస్తాయి, గుడ్డ ఆ చోట ఉబ్బుతుంది. పువ్వుకు పావుగంట పట్టిందని, నూటికి ఐదు విప్పి అల్లాల్సి వచ్చిందని అనుకుందాం. 100 గంటల పనికి అదనంగా 5 గంటలు. అతికించాక దొరికిన తప్పులైతే ఇంకా ఎక్కువ. ఈ అంకెలు ఊహకే వేసినవి. అయినా లెక్క తీరు అదే. నమూనా ఎంత కచ్చితమైనదైతే విప్పే గంటలు అంత పెరుగుతాయి. ఆ కచ్చితత్వం అడిగేది కొనే కంపెనీ, దాని ఖరీదు కట్టేది వసారాలో కూర్చున్న మనిషి.

లెక్కలోకి రాని గంట

1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మక్రే అనే మిషనరీ దంపతులు ఈ ప్రాంతపు ఆడవాళ్లకు లేసు నేర్పారన్నది ఇక్కడ ఎక్కువగా చెప్పుకునే కథ. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి అది ఎగుమతి వ్యాపారమైంది. మొదట క్రైస్తవ కుటుంబాల్లోని పేద ఆడవాళ్ల చేతిపనిగా ఉన్నది, పొలం పనికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే కాపు ఇళ్లలోకీ వెళ్లింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు చేతికొచ్చే పని మరొకటి ఏముంది? దారం ఏజెంటు ఇచ్చి వెళతాడు, అల్లిన ముక్కలు ఏజెంటే పట్టుకుపోతాడు, కూలి ముక్క లెక్కనో దారం లెక్కనో ఉంటుంది. 1970ల చివర్లో ఈ ఊళ్లు తిరిగిన జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను అందరూ ‘ఊరికే కూర్చున్న గృహిణులు’ అనుకుంటున్నారని, ఎనిమిది గంటల పనికి వాళ్లకు సగటున రూపాయి కూడా దక్కడం లేదని ఆమె తేల్చారు. అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరు. కూలి కట్టే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ముక్క చేతికిస్తేనే పైసలు. దాని వెనక ఎన్ని ముక్కలు విప్పారన్నది అడిగేవారు లేరు.

ముక్క కూలి ఎక్కడైనా అంతే కదా అనవచ్చు. కాదు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో ఒక చొక్కాకు ఎన్ని నిమిషాలు పడుతుందో కట్టేటప్పుడు, కుట్టే నిమిషాలకు తోడు దారం తెగడం, మిషను ఆగడం, మనిషి అలసట వగైరాలకు ఇంత శాతమని కలుపుతారు. మిషను మీద పనికి ఆగిపోయే సమయం ఉంటుందని ఒప్పుకున్న పరిశ్రమ, చేత్తో అల్లే పనికి అది ఉండదని అనుకోవడంలో న్యాయం కనబడదు. చేతికే కదా ఎక్కువ తడబాటు!

[బాక్సు] చట్టంలో ఏముంది?
ఇంట్లోనే కూర్చుని, ఎవరో ఇచ్చిన సరుకుతో వస్తువు తయారుచేసి ఇచ్చేవాళ్లు కూడా ఉద్యోగులే అని 2025 దాకా అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టం నిర్వచనంలోనే ఉండేది. ముక్క లెక్కన పనిచేసేవాళ్లకూ గంటల లెక్కన కనీస మొత్తం దక్కేలా రేటు నిర్ణయించే వీలునూ అదే చట్టం కల్పించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటినుంచే పనిచేసే కార్మికుల కోసం 177వ ఒప్పందాన్ని, దానికి తోడుగా 184వ సిఫార్సును ఆమోదించింది. పనికి సంబంధించిన ఇతర పనులకు పట్టే సమయానికీ పరిహారం ఉండాలని, పని బాగాలేదన్న పేరుతో అన్యాయంగా కూలి కోయకుండా రక్షణ కల్పించాలని ఆ సిఫార్సు చెబుతుంది. 177వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ధ్రువీకరించలేదు.

‘తీరిక పనికి ఇంత లెక్కెందుకు?’

ఈ వాదనకు ఎదురు వచ్చే మొదటి మాట, లేసు తీరిక వేళ అల్లేదేనన్నది. వంట, పిల్లలు, పశువులు అన్నీ అయ్యాక టీవీ చూస్తూ అల్లుకునేదానికి గంటల లెక్క ఏమిటి? సొంతానికి అల్లుకునేవాళ్ల విషయంలో ఈ మాట నిజమే. మేనకోడలికి గౌను అల్లే అమ్మాయి పదిసార్లు విప్పినా ఆ పది కూడా ఆమె ముచ్చటలో భాగమే, ఎవరికీ బాకీ లేదు. గడువు పెట్టి, కొలత పెట్టి, నచ్చకపోతే వెనక్కి పంపించే పని తీరిక పని కాదు. ఓడ ఎక్కే తేదీ ముందే ఖరారైన ఆర్డరుకు తీరిక అన్న మాటే వర్తించదు. మధ్యాహ్నం నిద్ర మానుకుని, రాత్రి దీపం కింద కళ్లు చికిలించి అల్లేదాన్ని తీరిక అనడానికి కారణం ఒక్కటే: అలా అంటే తక్కువ ఇవ్వడం సులువు.

రెండో అభ్యంతరం గట్టిది. విప్పిన గంటకు కూడా డబ్బిస్తే అజాగ్రత్త పెరుగుతుంది, తప్పులు చేసినవాళ్లకే లాభం అంటారు కొనుగోలుదారులు. ఎవరెన్నిసార్లు విప్పారో లెక్కరాసి కట్టాలంటే నిజంగానే అలా అవుతుంది, పైగా అది ఎవరూ చేయలేరు. అడగాల్సింది అది కాదు. ఫలానా నమూనాకు చెయ్యి తిరిగినవాళ్లకు సగటున ఎంత సమయం విప్పడానికి పోతుందో కొలిచి, ఆ మేరకు ముక్క రేటులోనే కలిపేయాలి. అప్పుడు తక్కువ తప్పులతో అల్లే మనిషికి మిగులుతుంది, ఎక్కువ విప్పే మనిషి నేర్చుకునేదాకా పూర్తిగా నష్టపోదు. ఇంకా ముఖ్యమైనది, కొత్త నమూనాకు మొదటి వారం వేరే రేటు ఉండాలి. పువ్వు కొత్తదైతే నలభై ఏళ్ల అనుభవమున్న చెయ్యి కూడా తడబడుతుంది. మొదటి పది పువ్వులు విప్పకుండా ఏ నమూనా చేతికి రాదు.

మూడో అభ్యంతరం మార్కెట్టు నుంచి వస్తుంది. రేటు పెంచితే కొనేవాడు చైనా మిషను లేసుకు పోతాడు. లేసుకు యంత్రం పోటీ నిన్నటిది కాదు. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ జాలీ అల్లే యంత్రాన్ని 1809 నాటికే సిద్ధం చేశాడు. ఆ తర్వాత చవక కావాలనుకున్నవాళ్లందరూ యంత్రం వైపు వెళ్లారు, ఇకముందూ వెళతారు. వాళ్లను ధర తగ్గించి పట్టుకునే పోటీలో చేతి అల్లిక ఎప్పటికీ గెలవదు. అయితే అసలు క్రోషే కుట్టును కుట్టుగా వేసే యంత్రం ఇప్పటికీ బజారులోకి రాలేదు. ఆ పేరుతో గజాల లెక్కన అమ్ముడుపోయేది వేరే రకం అల్లిక, పోలిక మాత్రమే. చేతి లేసుకు మిగిలిన బలమల్లా నాణ్యతే. కూలి గిట్టనప్పుడు ముందు దెబ్బతినేది కూడా అదే. విప్పితే రోజు కూలి పోతుందని తెలిసిన మనిషి వంకర పువ్వును వంకరగానే అతికించేస్తుంది, తప్పు పట్టలేం. అలాంటి పది గుడ్డలు విదేశీ దుకాణంలో తెరుచుకుంటే జీఐ ముద్ర పరువే పోతుంది. విప్పే గంటకు రేటు కట్టడం వ్యాపారానికి ఖర్చు అనుకుంటే పొరపాటు, ఆ ముద్రకు అదే కాపలా.

ఏజెంట్లు కూడా గొప్ప లాభాలేమీ చేసుకోవడం లేదని, పైనుంచి వచ్చే రేటే తక్కువని అంటారు. చాలామంది చిన్న ఏజెంట్ల విషయంలో ఇది నిజం కావచ్చు. ఆ ఊళ్లలోనే పుట్టి, ఒకప్పుడు సూది పట్టి, ఇప్పుడు దారం పంచుతున్న ఆడవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అందుకే భారం గొలుసు చివరివాళ్ల మీద కాకుండా ఆర్డరు రాసేచోట పడాలి. నరసాపురం పక్కన రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది, అల్లే మహిళల సహకార సంఘాల సమాఖ్య ఉంది. జీఐ గుర్తింపు వచ్చాక ఆ పేరుతో సరుకు అమ్మాలంటే నమోదు చేయించుకోవాలి. ఇంతకాలం విడివిడి ఇళ్లలో చెదిరిపోయిన పనికి మొదటిసారి ఒక వాకిలి ఏర్పడింది. నమూనాకు పట్టే సగటు సమయం, అందులో విప్పడానికి పోయే వాటా ఆ వాకిలి దగ్గరే కొలిచి రేటు పట్టికలో అచ్చువేస్తే, బేరమాడే ఎగుమతిదారుకు చూపించడానికి ఒక కాగితమైనా చేతిలో ఉంటుంది.

[బాక్సు] చేతి లేసును పోల్చుకోవడం
తిరగేసి చూడండి. చేత్తో అల్లిన పువ్వు మధ్యలో మొదలుపెట్టిన కొస, చివర్లో ముగించిన కొస కుట్లలో దాచిన జాడ దొరుకుతుంది. ప్రతి కుట్టు తల మీద జడ పాయలాంటి చిన్న అల్లిక కనబడుతుంది. రెండు పువ్వులను ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయంటే అనుమానించాల్సిందే.

పండక్కో పెళ్లికో లేసు కొనబోతున్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. అది చేతి లేసా కాదా అని అడగడం ఇప్పుడు చాలామందికి అలవాటైంది. దానితోపాటు, ఈ ముక్కకు అల్లినావిడ చేతికి ఎంత వెళ్లింది, తప్పుపోయిన ముక్కల కూలి ఎవరు భరించారు అని కూడా అడగండి. జవాబు చెప్పే దుకాణంలోనే కొనండి, అక్కడ బేరమాడకండి.